తెలంగాణా రైతాంగ సాయుధ పోరాటము: ఏటూరునాగారము అటవీ ఘట్టము

తెలంగాణా రైతాంగ సాయుధ పోరాటము 1946 మొదలు 1951 వఱకు నైజాము సంస్థానమందలి తెలుగు జిల్లాలలో జరిగిన భూసమరము. నల్లగొండ, వరంగల్లు మైదానములలో వెట్టిచాకిరిపై తిరుగుబాటుగా మొలకెత్తి, సంస్థానము భారతదేశమున విలీనమైన పిదప నల్లమల కొండలకును గోదావరీ తీరారణ్యములకును మరలి, అచ్చటనే అంతమొందినది. ఏటూరునాగారము పరిసరములలోని కోయగూడెములు ఈ పోరాటపు కడపటి ఘట్టమునకు రంగస్థలమైన గోదావరీ అటవీమండలములోనివి. అందుచేత ఆ యుద్ధఫలితము నిచ్చటి భూమినిబట్టి పరిశీలించుట యుక్తము.

ప్రదేశము, ప్రజలు

ఏటూరునాగారము గోదావరికి దక్షిణపు ఒడ్డున నున్నది. పోరాటకాలమున నిది నైజాము రాజ్యమందలి వరంగల్లు జిల్లాకు చెందియుండగా, ఏటికి ఆవలి ఒడ్డుననున్న నూగూరు తాలూకా మద్రాసు రాజధానిలోని తూర్పు గోదావరి జిల్లాకు చెందియుండెను. ఏరు ఒక్కటే, గూడెముల నడుమ బంధుత్వము లొక్కటే, ప్రభుత్వములు మాత్రము రెండు. అడవిలో ప్రధానవాసులు కోయలు. పోడు కొట్టి జొన్నలు చల్లుకొనుట, ఇప్పపూవు, చింతపండు, తునికాకు ఏరుకొనుట వారి జీవనాధారములు. సమీపమందలి మేడారమున రెండేండ్ల కొకమారు జరుగు సమ్మక్క సారలమ్మల జాతర, కప్పము చెల్లింపలేదని దండెత్తి వచ్చిన కాకతీయ సేనలతో పోరి నేలకొరిగిన తమ పూర్వులను కోయలు తలచుకొను పండుగ. పన్నుకొఱకును భూమికొఱకును యుద్ధము జరుగుననుట ఈ అడవికి కొత్తగా నేర్పవలసిన పాఠము కాదు.

కారణములు

మొదటి కారణము భూస్వామ్యవ్యవస్థ. సంస్థానమందలి భూమిలో సుమారు 60 శాతము సర్కారు రెవెన్యూకు చెందిన దివానీక్రిందను, 30 శాతము జాగీరులక్రిందను, 10 శాతము నిజాము స్వంతమగు సర్ఫేఖాసుక్రిందను ఉండెను. దివానీ గ్రామములలో సైతము దేశముఖులు, దేశపాండ్యాలు పన్ను వసూలు చేయు హక్కునుండి క్రమముగా భూస్వాములై, పటేలు పట్వారీల సాయముతో రైతుల పట్టాలను తమ పేర వ్రాయించుకొనిరి. జనగామ ప్రాంతమందలి విసునూరు దేశముఖు రాపాక రామచంద్రారెడ్డికి 60 గ్రామములలో 40,000 ఎకరముల భూమి యుండెనని ఉద్యమనాయకులైన పుచ్చలపల్లి సుందరయ్య వ్రాసిరి. భూమిలేనివాడు గడీకి వెట్టి చేయవలెను. కుమ్మరి కుండలను, చాకలి చాకిరిని, గొల్ల గొఱ్ఱెలను ఊరక సమర్పించుకొనవలెను.

రెండవ కారణము రెండవ ప్రపంచయుద్ధము. ఎక్కడో ఐరోపాలో అంటుకొన్న అగ్గి ఇచ్చటి గాదెలను కాల్చినది. ధరలు పెరిగి ధాన్యము కరువై, ప్రభుత్వము లెవీగల్లా వసూలునకు పూనుకొనగా, దొరల గాదెలు తప్పించుకొనెను. చిన్నరైతు విత్తనపు గింజలు సయితము కొలువవలసి వచ్చెను.

మూడవ కారణము ప్రజలలో మేల్కొనిన చైతన్యము. 1921లో పుట్టిన ఆంధ్రజనసంఘము 1930లో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన జోగిపేటలో ఆంధ్రమహాసభగా రూపొందినది. భాషాభిమానముతో మొదలైన ఈ సభ, 1944లో రావి నారాయణరెడ్డి యధ్యక్షతన భువనగిరిలో సమావేశమగు నాటికి రైతుకూలీల సంస్థగా మారి, పల్లెప్రజల నోట “సంగము” అను పేరు గాంచినది.

అడవిలో ఈ కారణములు వేరొక రూపు దాల్చెను. అడవులలో అధికభాగము సర్కారు కాపుదలలోనికి పోగా, తాతముత్తాతలు కొట్టుకొన్న పోడు నేరమయ్యెను. జంగ్లాతు చౌకీదారునకు మామూలు చెల్లింపనిదే కట్టెపుల్ల యైనను ఇంటికి రాదయ్యెను. షావుకారు ఉప్పునకును బట్టకును అప్పిచ్చి, పంటను కల్లములోనే కొలుచుకొనిపోయెను. ఆదిలాబాదు జిల్లాలో గోండు నాయకుడు కుమురం భీము ఈ అన్యాయములపైననే తిరుగబడి, 1940లో జోడేఘాటున అసువులు బాసెను. ఆపిమ్మట నిజాము ప్రభుత్వము ఫ్యూరర్ హైమెండార్ఫు అను మానవశాస్త్రజ్ఞుని నియోగించి గిరిజనుల స్థితిగతులు విచారింపజేసెను. ఒకని ప్రాణము పోయినతర్వాతగాని విచారణ ఆరంభముకాకుండుట గమనార్హము.

పోరాట గమనము

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను కౌలునకు సాగుచేసిన పంటను విసునూరు దేశముఖు మనుష్యులకు విడువక నిలుపుకొనుటయు, 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపుపై దేశముఖు మనుష్యులు జరిపిన కాల్పులలో దొడ్డి కొమరయ్య మరణించుటయు ఉద్యమమును దావానలమువలె వ్యాపింపజేసెను. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చినను నిజాము విలీనమునకు సమ్మతింపకుండుటచేత, 1947 సెప్టెంబరు 11న కమ్యూనిస్టు నాయకులగు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మగ్దూం మొహియుద్దీను సాయుధపోరాటమునకు పిలుపిచ్చిరి. ఖాసిం రజ్వీ నాయకత్వమున నిజాము పక్షపు సాయుధమూకలగు రజాకార్లు గ్రామములపైబడి దోపిడీలు, గృహదహనములు సలుపుచుండగా, గుత్పలతోను ఒడిసెలలతోను మొదలిడిన రైతులు దళములుగా నేర్పడిరి. సుమారు 3,000 గ్రామములలో గ్రామరాజ్యములు నెలకొల్పి, 10 లక్షల ఎకరముల భూమిని పంచితిమని నాయకులు ప్రకటించిరి.

1948 సెప్టెంబరు 13న భారతసైన్యము సంస్థానమున ప్రవేశించెను. ఐదు దినములలో నిజాము రాజ్యము ముగిసి, జనరల్ జె. ఎన్. చౌధురి సైనిక గవర్నరయ్యెను. నిజాముపై ఎత్తిన ఆయుధమును దింపవలెనా వలదా యను ప్రశ్న ఉద్యమమును చీల్చెను. లక్ష్యము నెరవేరినదని రావి నారాయణరెడ్డి ప్రభృతులు తలచిరి. పంచిన భూమి నిలువవలెనన్న పోరు సాగవలెనని సుందరయ్య ప్రభృతులు తలచిరి. చైనాలో మావో విజయమువైపు సాగుచున్న కాలమది. ఆ మార్గమే తెలంగాణకును తగినదని ఆంధ్రనాయకులు విశ్వసించిరి.

గోదావరీ అటవీ ఘట్టము

సైన్యపు ఒత్తిడిచే మైదానమున నిలువనీడ లేక దళములు పాల్వంచ, ఇల్లందు, ములుగు అడవులకు చేరెను. కోయలు వారికి అన్నమిడిరి, దారి చూపిరి, కొందఱు దళములలో చేరిరి. దళములు చౌకీదారుల మామూళ్లను, షావుకారుల దుర్మార్గపు వడ్డీని అడ్డగించుటయే ఇందులకు హేతువు. దీనికి ప్రతిక్రియగా సర్కారు బలగములు అడవి నడుమ చెదరియున్న గూడెములను ఖాళీచేయించి, కొన్నింటిని దగ్ధము చేసి, నివాసులను బాటల చెంత శిబిరములకు తరలించెను. మలయాలో బ్రిటిషువారు 1950లో చేపట్టిన బ్రిగ్సు పథకముతో సుందరయ్య దీనిని పోల్చిరి. చేపను పట్టుటకు చెఱువు నెండగట్టినట్లు, దళముల నడచుటకు ఊళ్లనే పెకలించిరి. తాము ఆరంభింపని యుద్ధమునకు కోయలు తమ పోడును, ఇంటిని, అడవిని మూల్యముగా చెల్లించిరి.

1951 ఆరంభమున భారత కమ్యూనిస్టు నాయకులు మాస్కో వెళ్లి స్టాలినును కలిసికొని చర్చించిరి. తుదకు 1951 అక్టోబరు 21న పోరాటము విరమింపబడెను. సుమారు 4,000 మంది ఈ పోరులో ప్రాణములర్పించిరని ఉద్యమచరిత్రకారులు వ్రాసిరి.

ఫలితములు

పోరాటము ఓడినను అది లేవనెత్తిన ప్రశ్నలు ఓడలేదు. 1949లో జాగీరులు రద్దయ్యెను. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టము వచ్చెను. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావేకు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరములు సమర్పించుటతో భూదానోద్యమము జనించెను. 1952 ఎన్నికలలో రావి నారాయణరెడ్డి నల్లగొండ నుండి జవాహర్‌లాల్ నెహ్రూ కంటె అధికముగ ఓట్లు గడించి లోకసభకు ఎన్నికయ్యెను.

అడవికి ఫలితములు మందగమనమున వచ్చెను. 1359 ఫసలీ నాటి, అనగా 1949 నాటి, హైదరాబాదు గిరిజన ప్రాంతముల రెగ్యులేషను మొదటి మెట్టు. 1959లో ఆంధ్రప్రదేశమున వెలువడిన షెడ్యూల్డు ప్రాంతముల భూబదలాయింపు రెగ్యులేషను 1963లో తెలంగాణకు వర్తించినది. శ్రీకాకుళపు గిరిజనులు తిరుగబడిన పిదప 1970 ఫిబ్రవరి 3న సవరణ రాగా, షెడ్యూల్డు ప్రాంతమందు గిరిజనేతరులకు భూమి బదలాయించుట పూర్తిగా నిషిద్ధమయ్యెను. ఈ సవరణకు వాడుకపేరైన “వన్ ఆఫ్ సెవెంటీ” యనగా నేటికిని ఏటూరునాగారపు సంతలో విడమర్చి చెప్పవలసిన పని లేదు. 1970వ దశకమునందే ఇచ్చట సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ నెలకొన్నది. 2006లో అటవీ హక్కుల చట్టము వచ్చినది. మఱియొకవంక 1952లో ఈ అడవి వన్యప్రాణి అభయారణ్యమయ్యెను; పోడునకును సర్కారు అడవికిని నడుమ నున్న వివాదము తీరలేదు. 1969 తర్వాత నక్సలైటు ఉద్యమము మరల గోదావరీ లోయకే వచ్చుటకు ఈ తీరని వివాదమే ముఖ్యహేతువు.

కావున ఈ పోరాటమును తూచవలసిన త్రాసు జయాపజయములు కావు. భూమిని దున్నువాని చేతిలో నిలుపునదే విప్లవమందు మిగులు ఫలము. చట్టము గ్రంథములలో మాత్రమే మిగిలిన, రక్తము వ్యర్థమగును. ఏటూరునాగారపు అడవిలో ఆ చట్టము కాగితముపై పూర్తిగా నున్నది, నేలపై సగమే యున్నది. తక్కిన సగమును పూరించు బాధ్యత ఇక తుపాకిది కాదు, పరిపాలనది.