జరిగిపోయిన తీరం

బహ్రెయిన్ తీరంలో తీసే సూర్యోదయ, సూర్యాస్తమయ చిత్రాలకు అందాన్ని మించిన విలువ ఉంది. అవి కనుమరుగైన ఒడ్డుకు సాక్ష్యాలు. 1949లో మనామాలో బాబ్ అల్ బహ్రెయిన్ ద్వారం పూర్తయినప్పుడు సముద్రం దాని చెంతనే ఉండేది. తర్వాత సముద్రాన్ని పూడుస్తూ వచ్చారు. 1960లలో 700 చదరపు కిలోమీటర్ల లోపే ఉన్న దేశం ఇప్పుడు 780 దాటింది. ద్వారం ముందు రోడ్లు, భవనాలు లేచాయి.

ఇదంతా పటాలే చెబుతాయి కదా అనవచ్చు. అవి గీతను చెబుతాయి, ఆ గీత వెంబడి సాగిన బతుకును కాదు. ఎదురెండలో తీసిన చిత్రంలో వివరాలు నీడలో కలిసిపోతాయన్న అభ్యంతరమూ సబబే. అయినా పడవ ఆకారం, తెరచాప, నీటి అంచు మిగులుతాయి. ముత్యాల వేటకు పడవలు బయలుదేరిన ముహర్రక్‌లోని బూ మాహిర్ తీరాన్ని యునెస్కో 2012లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అలాంటి గుర్తింపు దక్కని తీరాలకు పాత ఫోటోలే దిక్కు. వాటిని తేదీ, చోటు రాసి భద్రపరచాలి.