ముందు గుణించాలా, ముందు కూడాలా? మన కూలి లెక్క వెనక చరిత్ర



మన బుక్కరాయసముద్రం చెరువుకి విజయనగర రాజు బుక్కరాయల పేరుంది. తవ్విన కూలోళ్ల పేర్లు ఎక్కడా లేవు. తవ్వేది ఒకరు, లెక్క రాసేది ఇంకొకరు. ఇది అప్పటి నుంచీ ఉన్న సంగతే.

అలాగని మనవాళ్లకి లెక్కలు రావని కాదు. సుగాలీలు ఎద్దుల మీద ధాన్యం, ఎరుకలవాళ్లు ఉప్పు మోసి బతికారు. 1791లో టిప్పు మీదికి పోయిన కార్న్‌వాలిస్ సైన్యానికి ధాన్యం అందించింది బంజారా బిడార్లే. ఒక బస్తా విడిగా ఉండి, 4 ఎద్దుల మీద రెండేసి ఉంటే మొత్తం ఎన్ని? 1 + 4 × 2, అంటే 9. ఎద్దులు తోలేవాడెవడూ 10 అనడు. గుణకారం అంటే కట్టగట్టిన కూడిక. కట్ట విప్పకుండా కలపకూడదు, అంతే.

పాత గణిత గ్రంథాల్లో + , = లాంటి గుర్తులు లేవు. మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన కూడా పద్యాల్లోనే చెప్పాడు. ఏది ముందో మాటల వరసే చెప్పేది. + గుర్తు 1489లో జర్మనీలో అచ్చయింది, = గుర్తు 1557లో ఇంగ్లండులో వచ్చింది. మాటలు పోయి గుర్తులు మిగిలాక, అందరూ ఒకేలా చదవడానికి ఒక ఒప్పందం కావాల్సొచ్చింది. ముందు బ్రాకెట్లు, తర్వాత గుణకార భాగహారాలు, చివర కూడిక తీసివేతలు. ఒకే స్థాయివైతే ఎడమ నుంచి కుడికి. అందుకే 24 ÷ 6 × 2 అంటే 8. పరీక్షలో చాలామంది 2 అని రాసొస్తారు.

ఇది పరీక్షతో అయిపోయేది కాదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన జిల్లా బండ్లపల్లిలోనే. మట్టి పనికి పోయే మన ఇళ్లల్లో ఈ లెక్క రోజూ ఉండేదే. రోజుకి 300 చొప్పున 6 రోజులు చేసి, అడ్వాన్సు 50 తీసుకున్నారనుకోండి. 6 × 300 − 50 = 1750. అదే 6 × (300 − 50) అని వేస్తే 1500. ఒక్క బ్రాకెట్టుకి 250 రూపాయలు పోయాయి.

పట్టుకునే దారి 499లోనే ఆర్యభటుడు చెప్పాడు. వెనక నుంచి రండి, తీసివేసింది కలపండి, గుణించినదాన్ని భాగించండి. 1750కి 50 కలిపి 6తో భాగిస్తే 300 వస్తుంది. 1500కి అలా చేస్తే 258 చిల్లరే వస్తుంది.

ఈ వారం ఇంట్లో అమ్మానాయనల కూలి చీటీ తీసి వెనక నుంచి లెక్కేయండి. కుదరకపోతే, కోత రోజుకా, వారానికా అని అడగండి.