అమైనో ఆమ్లములు: విషమార్గము, విద్యున్మార్గము

మన గృహములయందు అన్నమును పప్పుతో గలిపి భుజించుట చిరకాలాచారము. బియ్యమున కొఱవడిన లైసీనను అమైనో ఆమ్లమును పప్పు పూరించునని రసాయనశాస్త్రము పిమ్మట తెలిపినది. మాంసకృత్తులన్నియు ఇట్టి ఆమ్లముల కూర్పులే. మానవుడు వీనిని స్వయముగా నిర్మింప నేర్చిన చరిత్రమును పాఠకులకు సంగ్రహముగా విన్నవింపదలచితిమి.

1850లో జర్మను రసాయనవేత్త అడాల్ఫ్ స్ట్రెకర్ ఆసిటాల్డిహైడు, అమ్మోనియా, హైడ్రోజను సయనైడు అను మూడింటిని గలిపి, ఆమ్లముతో కాచి, అలనీనును పొందెను. ప్రాణపోషకమగు పదార్థము ప్రాణాంతకమగు విషమునుండి పుట్టినది! పరిశ్రమలు ఆ విషమును నేటికిని పూర్తిగా విడువలేదు.

1908లో టోక్యోయందు ఇకెడా కికునాయె సముద్రపు నాచునుండి గ్లుటామిక్ ఆమ్లమును వేఱుచేసెను. గోధుమ మాంసకృత్తును హైడ్రోక్లోరిక్ ఆమ్లముతో కాచి దానిని దీయు పరిశ్రమ వెంటనే బయలుదేరెను. 1956లో ఆ దేశమునందే ఆ ఆమ్లమును విడుచు సూక్ష్మజీవి దొరకగా, చక్కెరను పులియబెట్టు పద్ధతి వచ్చెను. విషము తొలగెను గాని, ఆహారము ముడిసరుకాయెను.

ఇపుడు మూడవ మార్గమును వెదకుచున్నారు. పైరువిక్ ఆమ్లము నీటిలో అమ్మోనియాతో గూడి ఇమీను అను సంయోగమగును. దానికి విద్యుద్ధ్రువము ఎలక్ట్రానులను, నీరు హైడ్రోజనును ఒసగిన అలనీను సిద్ధించును; సయనైడుతో పనియే లేదు. చిక్కు ఒక్కటే: ధ్రువమిచ్చు ఎలక్ట్రానులు నీటిని విడదీయుటకే వ్యయమై, హైడ్రోజను బుడగలుగా పోవచ్చును. ఉత్ప్రేరకము క్రియను త్వరపఱచునని మేము తరగతిలో బోధింతుము; ఇచట అది కోరిన క్రియను త్వరపఱచి, కోరనిదానియెడ ఉదాసీనముగా నుండవలెను. హైడ్రోజనును విడిపించుటలో మిక్కిలి చుఱుకైన ప్లాటినము ఇందుచేతనే ఇచటికి తగదు. జపానులోని క్యూషూ విశ్వవిద్యాలయ పరిశోధకులు గోడల తెల్లరంగులలో వాడెడి టైటానియం డయాక్సైడును ధ్రువముపై నిలిపి పెక్కు అమైనో ఆమ్లములను సాధించిరి. అమ్మోనియాకు బదులు మురుగునీటిలోని నైట్రేటును గ్రహింపజూచువారును గలరు.

అయినను విజయము సంపూర్ణము గాదు. ఇట్లు పుట్టిన అలనీనున కుడి, ఎడమ రూపములు రెండును సమముగా నుండును. మన మాంసకృత్తులకు ఎడమరూపమే యుపయోగించును. వానిని వేఱుచేయుట వేఱొక శ్రమ. మఱియు ఆ విద్యుత్తు బొగ్గునుండియే వచ్చునేని, పొగ చోటు మారునే గాని తొలగదు. ఫలము శుద్ధమైన జాలదు. దానిని దెచ్చిన మార్గమును శుద్ధముగా నుండవలెనని ఈ నూటడెబ్బదియేండ్ల చరిత్రము మనకు బోధించుచున్నది.