మూసీ ఒడ్డున చరిత్ర ఎవరిది?

హైదరాబాదు నగర చరిత్ర పేరిట మన ముందున్నది చాలావరకు కట్టించినవారి చరిత్ర. హుస్సేన్‌సాగర్ ఏ సుల్తాను హయాంలో తవ్వించారు, 1578లో పురానాపూల్ ఎందుకు కట్టారు, బాగె ఆం ఎప్పుడు వెలిసింది - ఇవన్నీ విద్యార్థులకు కంఠస్థం. చెరువు మట్టి మోసిన తట్టలెవరివి, తోటలకు నీళ్లు తోడిన చేతులెవరివి, ఆ తోటలే ఇళ్ల స్థలాలై అమ్ముడుపోయినప్పుడు లాభం ఎవరింటికి చేరింది అన్న ప్రశ్నలు మాత్రం ఆ పుస్తకాల్లో అరుదు.

ఈ విషయంలో చరిత్రకారులకంటే పేటల పేర్లే నయమనిపిస్తుంది నాకు. బషీర్‌బాగ్, జాంబాగ్, బాగ్‌లింగంపల్లి, మూసారాంబాగ్ - ఇవన్నీ ఒకప్పటి తోటలు. మాసాబ్‌ట్యాంక్ అన్నది ‘మా సాహెబా’ చెరువు. పాతనగరంలోని తలాబ్‌కట్టలో ఇవాళ తలాబూ లేదు, కట్టా లేదు. పేరొక్కటే సాక్ష్యం చెబుతోంది.

ఇక 1908 సెప్టెంబరు 28. ఆనాటి మూసీ వరదలో పదిహేను వేలమంది దాకా చనిపోయారని అంచనా. దీన్ని దైవఘటనగా చెప్పుకోవడం మనకు అలవాటు. ఆరో నిజాం నదికి పూజ చేశాడన్న కథ ఇంటింటా వినిపిస్తుంది. ఆయన బాధితులకు అన్నం పెట్టించిన మాట వాస్తవమే. దాన్ని కాదనవలసిన పనిలేదు. కాని నీళ్లు ఆకాశం నుంచి మాత్రమే రాలేదు. మూసీ పరీవాహకంలో గొలుసుకట్టుగా వందలాది చెరువులుండేవి. కుంభవృష్టికి పై చెరువు తెగితే ఆ నీరు కింది చెరువు మీద పడింది. అలా రెండు వందలకు పైగా కట్టలు తెగి నగరం మీదికి వచ్చాయి. అప్పుడు ముందుగా మునిగేది పల్లపు ఒడ్డే. కొట్టుకుపోయిన కోల్సావాడి పేరులోనే బొగ్గు ఉంది. దివాణాలున్న చోటికి అలాంటి పేర్లు పెట్టరు కదా!

అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో, ఒక చింతచెట్టు నూట యాభైమందిని కాపాడిందంటారు. చెట్టుకు కీర్తి దక్కింది. ఎక్కినవాళ్ల పేర్లు దక్కలేదు. ఈ లోటును కొంతైనా తీర్చినవాడు చరిత్రకారుడు కాదు, కవి. రుబాయీల కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ, భార్యనూ, కూతురినీ పోగొట్టుకొని తానొక్కడే మిగిలాడు. ‘ఖయామతె సుగ్రా’, అంటే చిన్న ప్రళయం, అన్న ఆయన కవిత ఆ దుఃఖంలోంచి వచ్చిందే. తెలుగు సాహిత్య విద్యార్థులకు ఈ పేరు దగ్గర కాకపోవడానికి కారణం లిపి ఒక్కటే అని నేననుకోను. ఉర్దూ అంటే దర్బారు భాష అని తేల్చేసి, ఆ భాషలో ఏడ్చిన సామాన్యుణ్ణి కూడా మనం దర్బారు లెక్కలోనే రాసేశాం.

వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చారు. ఎగువన జలాశయాలు కట్టాలన్న ఆయన సలహా మీద 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. అవి నగరానికి తాగునీరిచ్చాయి, వరదను అదుపు చేశాయి. ఇంజనీరింగు విజయమే, సందేహం లేదు. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు ఇరుకు బస్తీలు తొలగించి రోడ్లు వేసింది, కొన్నిచోట్ల ఇళ్లూ కట్టించింది. నది ఒడ్డున హైకోర్టు, ఆసుపత్రి, గ్రంథాలయం, ఉద్యానాలు లేచాయి. మనవాళ్లు ఆ గోపురాల శిల్పాన్ని మెచ్చుకుంటూ ఆగిపోతారు. ఆ ఒడ్డు ఖాళీ ఎలా అయిందో అడగరు.

జలాశయాలు వచ్చాక కింద నది సన్నబడింది. నది వదిలిన పల్లంలోకి, నగరంలో మరెక్కడా జాగా దొరకనివాళ్లు వచ్చి చేరారు. చాకిరేవులు నడిపారు. దిగువన అంబర్‌పేట, ఉప్పల్ వైపు మురుగునీటితోనే పశువుల గడ్డి పెంచి నగరానికి పాలు పోశారు. ఆ మురుగు వాళ్లొక్కరిదే కాదు. ఎగువ కాలనీలదీ, కార్ఖానాలదీ కూడా. ఆక్రమణ అన్న మాటను పాలకులు పల్లానికే వాడతారు. జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర నిర్మాణాలను నియంత్రిస్తూ 1996లో 111వ నంబరు జీవో వచ్చింది. 2022లో ఆ ఆంక్షలను తొలగిస్తూ ప్రభుత్వమే మరో జీవో ఇచ్చింది. భూమి ధర పెరిగిన చోట చట్టం వంగింది.

2024లో మూసీ సుందరీకరణ పేరిట చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ బస్తీల గోడల మీద ఎర్రరంగుతో ‘ఆర్‌బి-ఎక్స్’ అని గుర్తులు వేశారు. కొన్ని కుటుంబాలను డబుల్ బెడ్‌రూం ఇళ్లకు తరలించి, వాళ్ల పాత ఇళ్లు కూల్చారు. నది పొడుగునా మరికొందరు ఇళ్లు ఖాళీ చేయబోమని హైకోర్టు తలుపు తట్టారు. ఆ హైకోర్టు భవనం, 1908 తర్వాత అదే నది ఒడ్డున కట్టినది.