అరుణ్ ఖేతర్‌పాల్ (1950–1971)

భారత సైన్యంలో సెకండ్ లెఫ్టినెంట్. మరణానంతరం పరమవీర చక్ర పొందినవాడు. 1950 అక్టోబరు 14న పుణెలో సైనికుల ఇంట పుట్టాడు. సనావర్ లారెన్స్ స్కూల్లో, ఆపై ఖడక్‌వాస్లా నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చదివి, 1971 జూన్‌లో పూనా హార్స్ రెజిమెంటులో చేరాడు. ఆర్నెల్లకే పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చిపడింది.

డిసెంబరు 16న షకర్‌గఢ్ ప్రాంతంలో, భారత సేనలు బసంతర్ నది దాటాక జర్పాల్ దగ్గర పాకిస్తాన్ ట్యాంకులు ఎదురుదాడికి దిగాయి. అరుణ్ నడిపిన సెంచూరియన్ ట్యాంకు పేరు ఫామగుస్తా. గుండు తగిలి దానికి నిప్పంటుకుంది. దిగి వచ్చెయ్యమని రేడియోలో ఆదేశం అందింది. ఫిరంగి ఇంకా పనిచేస్తోందని బదులిచ్చి అక్కడే నిలిచాడు. ఆ చివరి పోరులో నాలుగు ట్యాంకులు అతని చేతిలో ధ్వంసమయ్యాయి. మరో గుండు అతని ప్రాణం తీసింది. అప్పటికి 21 ఏళ్లు. మర్నాడే కాల్పుల విరమణ. ఇంత చిన్న జీవితాన్ని చదువుతుంటే ఆ ఒక్క రోజు తేడా గుండెను మెలిపెడుతుంది.

2001లో తండ్రి, విశ్రాంత బ్రిగేడియర్ ఎం.ఎల్. ఖేతర్‌పాల్, తన పుట్టినూరు సర్గోధా చూడ్డానికి పాకిస్తాన్ వెళ్లారు. లాహోర్‌లో ఆతిథ్యమిచ్చిన మాజీ బ్రిగేడియర్ ఖ్వాజా మహమ్మద్ నాసర్, ఆనాడు అరుణ్‌తో తలపడింది తానేనని ఆయనకు స్వయంగా చెప్పారు. ఖడక్‌వాస్లా డిఫెన్స్ అకాడమీ పరేడ్ మైదానానికి అరుణ్ పేరు పెట్టారు.