గృహ బీమా పరిహారంపై భవన నిర్మాణ నిబంధనల ప్రభావం

అగ్నిప్రమాదంలోనో, తుపానులోనో, వరదలోనో దెబ్బతిన్న ఇంటికి బీమా సంస్థ సాధారణంగా చెల్లించేది ఆ ఇంటిని పూర్వస్థితికి తెచ్చుటకు అయ్యే వ్యయం మాత్రమే. యజమాని మాత్రం తిరిగి కట్టేటప్పుడు నాటి నిబంధనలను గాక నేటి నిబంధనలను పాటించవలసి ఉంటుంది. ఈ రెండు వ్యయాల మధ్య తేడాను ఎవరు భరించాలన్నది పాలసీ షరతులపై ఆధారపడి ఉంటుంది. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపాను, 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరద వంటి విపత్తుల నేపథ్యంలో ఈ అంశం తెలుగు రాష్ట్రాలకు ముఖ్యమైనది.

హైదరాబాదు ప్రధాన కేంద్రంగా గల భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ (ఐ.ఆర్.డి.ఎ.ఐ.) నివాస గృహాల కొరకు 'భారత్ గృహ రక్ష' అనే ప్రామాణిక పాలసీని రూపొందించి, 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోకి తెచ్చింది. ఇందులో బీమా మొత్తాన్ని కార్పెట్ ఏరియాను నిర్మాణ వ్యయంతో గుణించి నిర్ణయిస్తారు. ఉదాహరణకు చదరపు అడుగుకు రూ.2,000 వ్యయమయ్యే 1,000 చదరపు అడుగుల ఇంటికి బీమా మొత్తం రూ.20 లక్షలు. స్థలం విలువ ఇందులో చేరదు.

పాలసీ తీసుకున్న తరువాత కార్పెట్ ఏరియాను 10 శాతానికి మించి పెంచితే, అదనపు ప్రీమియం చెల్లించి పాలసీలో నమోదు చేయించనిదే ఆ అదనపు నిర్మాణానికి పరిహారం లభించదు. పై ఉదాహరణలోని ఇంటిపై 150 చదరపు అడుగుల గది వేసినవారికి ఇది వర్తిస్తుంది. పురపాలక సంఘం ఆమోదించిన ప్లాను చేతిలో ఉన్నా, బీమా సంస్థకు తెలియజేయనిచో మినహాయింపు లేదు. ఈ రెండింటినీ ఒకటిగా భావించి పొరబడేవారు ఉన్నారు. నేల కుంగుట వలన జరిగే నష్టం పాలసీ పరిధిలోనిదే అయినా, మట్టి పోసి మెరక చేసిన నేల దిగబడుట, లోపభూయిష్టమైన డిజైను, నాసిరకం సామగ్రి వలన కలిగే నష్టం అందులో చేరదు.

జాతీయ భవన నిర్మాణ నియమావళి (2016) స్వతహాగా సిఫారసు స్వభావం కలది. రాష్ట్రాలు, స్థానిక సంస్థలు తమ నిబంధనలలో చేర్చినప్పుడే దానికి బలం చేకూరుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో, తెలంగాణ ప్రాంతానికి ఉమ్మడి రాష్ట్ర కాలాన 2012లో జారీ అయిన భవన నిర్మాణ నిబంధనలు ఇందుకు ఆధారం. 2012 నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుల సరిహద్దు నుండి 30 మీటర్ల వరకు నిర్మాణం నిషిద్ధం. అంతకు పూర్వం అక్కడ కట్టిన ఇల్లు పూర్తిగా కూలితే, పరిహారం అందినా అదే చోట తిరిగి కట్టుటకు అనుమతి లభించకపోవచ్చు. అధికారుల ఆదేశంపై జరిగే కూల్చివేత పాలసీలో పేర్కొన్న ప్రమాదాలలో లేదు.

అదనపు వ్యయాన్ని భరించే ఏర్పాటు అగ్ని బీమాలో పూర్వం నుండి ఉన్నది. పునఃస్థాపన విలువ పాలసీలకు జతచేసే 'స్థానిక సంస్థల క్లాజు' ప్రకారం, చట్టాలను, పురపాలక ఉపనిబంధనలను పాటించవలసి వచ్చినందువల్ల మాత్రమే కలిగిన అదనపు వ్యయాన్ని బీమా సంస్థ చెల్లిస్తుంది. అయితే ప్రమాదానికి ముందే స్థానిక సంస్థ నోటీసు అందజేసి ఉంటే ఇది వర్తించదు. దెబ్బతినని భాగాలను నిబంధనలకు అనుగుణంగా మార్చుటకు, ఆస్తి విలువ పెరిగినందున విధించే పన్నులకు, అభివృద్ధి చార్జీలకు సొమ్ము రాదు. పనులు సాధారణంగా 12 నెలలలో పూర్తి కావాలి. మొత్తం చెల్లింపు బీమా మొత్తాన్ని మించరాదు.

భారత్ గృహ రక్షలో ఆర్కిటెక్టు, సర్వేయరు, ఇంజనీరు రుసుములకు క్లెయిము మొత్తంలో 5 శాతం వరకు, శిథిలాల తొలగింపునకు 2 శాతం వరకు లభిస్తుంది. నిబంధనల వలన కలిగే అదనపు వ్యయానికి రక్షణ కోరే గృహ యజమానులు అట్టి క్లాజు తమ పాలసీలో ఉన్నదీ లేనిదీ రెన్యువల్ సమయంలోనే బీమా సంస్థ నుండి వ్రాతపూర్వకంగా తెలుసుకొనవచ్చును.