లాస్కర్ రెండు శకట్లు ఎందుకిచ్చాడు?

మా ఆఫీసులో లంచ్ అయ్యాక చదరంగం ఆడే బ్యాచ్ ఒకటుంది. మొన్న తెల్లపావులతో ఆడుతూ, అవతలివాడు కాస్లింగ్ చేసి కూర్చోగానే నా శకటుని తీసుకెళ్ళి వాడి హెచ్7 బంటు మీద పడేశా. చుట్టూ చూసేవాళ్ళు "ఆహా" అన్నారు. ఇంకో పదిహేను ఎత్తులకి ఓడిపోయా. నా శకటు పోయింది, వాడి రాజు మాత్రం హాయిగా ఉన్నాడు :)

ఇంటికొచ్చి పాత ఆటలు తిరగేశా.

ఈ హెచ్7 బలి కొత్తదేం కాదండీ. ఇటలీ ఆటగాడు గ్రేకో 1620 ప్రాంతంలోనే తన రాతప్రతుల్లో దీన్ని చూపించాడు. శకటు బంటుని కొట్టి చెక్ ఇస్తుంది, రాజు దాన్ని తింటాడు, వెనకాలే గుర్రం, మంత్రి దిగుతాయి. చాలాకాలం రాజు మీద దాడి అంటే ధైర్యానికి సంబంధించిన విషయంలాగే చూశారు. 1886లో ప్రపంచ ఛాంపియనైన స్టైనిట్జ్ మాత్రం ముందు పైచేయి సంపాదించు, దాడి ఆ తర్వాత అన్నాడు.

1889, ఆమ్‌స్టర్‌డామ్. లాస్కర్‌కి అప్పటికి ఇరవై ఏళ్ళు. (తర్వాత ఈయన గణితంలో డాక్టరేట్ చేశాడు, ఈ ఆట చూస్తే ఆశ్చర్యం వెయ్యదు.) ఎదురుగా బావర్. లాస్కర్ శకట్లు రెండూ నల్లరాజు ఇంటికేసి గురిపెట్టి ఉన్నాయి. కానీ ఎఫ్6లో నల్లగుర్రం కాపలా. 14వ ఎత్తులో తన గుర్రాన్ని హెచ్5కి పంపి ఆ కాపలావాణ్ణి అక్కణ్ణించి లాగేశాడు. బావర్ దాన్ని తిన్నాడు. నాలాంటివాడైతే వెంటనే మంత్రితో తిరిగి తింటాడు. అప్పుడు నల్లవాడు ఎఫ్ బంటుని రెండు గడులు తోసి శకటు దారి మూసేస్తాడు, కథ కంచికి. లాస్కర్ ముందు హెచ్7లో శకటిచ్చి, రాజు తిన్నాకే మంత్రితో గుర్రాన్ని కొట్టి చెక్ చెప్పాడు. రాజు జి8కి వెళ్ళాడు. నా ఆట ఆగిపోయింది సరిగ్గా ఇక్కడే. లాస్కర్ రెండో శకటుని జి7లో ఇచ్చేశాడు! ఇక రాజు ముందు గోడే లేదు. జి4 నించి మంత్రి చెక్, ఎఫ్3కి ఏనుగు. తర్వాత ఎత్తు హెచ్3, మాట్.

చాలామంది ఇక్కడిదాకా చూసి చప్పట్లు కొట్టి పుస్తకం మూసేస్తారు. నేనూ అంతే చేసేవాణ్ణి. కానీ మాట్ జరగలేదు. బావర్ ఈ6 బంటుని ఈ5కి తోసి సి6లో ఉన్న తన మంత్రికి దారిచ్చాడు. ఆ మంత్రి హెచ్6లో అడ్డుపడి ఏనుగుకి బలైంది, ఆ ఏనుగుని రాజు తిన్నాడు. ఇప్పుడు లెక్క చూడండి. తెల్లకి మంత్రి, ఏనుగు: 14. నల్లకి రెండు ఏనుగులు, రెండు శకట్లు: 16. తెల్లకి బంట్లు రెండు ఎక్కువ. అంటే సమానం! ఇంత హడావుడి చేసి డ్రాకా?

కాదు. తనని కాపాడిన ఆ ఈ6 బంటు జరగడం వల్లే జి4 నించి డి7 దాకా ఐమూల దారి తెరుచుకుంది. 22వ ఎత్తులో మంత్రి డి7కి వెళ్ళింది. బి7లో ఒక శకటు, ఈ7లో ఒక శకటు, రెండిటికీ కాపలా లేదు. ఒకటి పోవాల్సిందే. బావర్ 38వ ఎత్తుకి ఓటమి ఒప్పుకున్నాడు. మొదటి బలి ఇచ్చేటప్పుడే రాజుకి దూరంగా ఉన్న ఆ శకట్లు కూడా లాస్కర్ లెక్కలో ఉన్నాయన్నమాట. నేను హెచ్7 ఒక్కటే చూశా.

1914లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఇదే నమూనా నల్లపావులతో వాడింది టారాష్. అంతకు ఆరేళ్ళ ముందు, 1908లో, ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లో లాస్కర్ చేతిలో ఓడిపోయిన మనిషే. నిమ్జోవిచ్ మీద హెచ్2లో ఒక శకటు, జి2లో ఇంకోటి ఇచ్చాడు. తెల్లరాజు తన ఇంట్లోంచి బయటపడి, బోర్డు మధ్యలోంచి పైకి పైకి పరిగెత్తి, 32వ ఎత్తులో మాట్ అయ్యాడు. ఏ గడిలో అనుకున్నారు? డి7లో.